వాన లెక్క పెట్టె: కరెంటు పోయి వచ్చేలోపు అంకె పోకుండా

కూడేరు దగ్గర మా ఊర్లో మిద్దె మీద పెట్టిన వాన కొలిచే పెట్టె మూడు వారాలుగా నడుస్తోంది. అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే కాబట్టి మాకు ప్రతి మిల్లీమీటరూ లెక్కే, పైగా మండల కేంద్రంలో నమోదైన వాన మా చేన్లో కూడా పడి ఉండాలని ఏం లేదు, రోడ్డుకు అటు పక్క తడిసి ఇటు పక్క దుమ్ము లేచిన రోజులు బోలెడు చూశాం. చెనక్కాయ విత్తే ముందు పదునైందా లేదా అని నాయన మట్టిని పిడికిట్లో పట్టి చూస్తాడు. ఆ పక్కన నమ్మదగిన ఒక అంకె కూడా ఉండాలని ఇది మొదలుపెట్టాను.

పెట్టె లోపల తూగే చిన్న బకెట్టు ఉంటుంది. 0.2 మి.మీ. వాన పడితే ఒకసారి ఒరుగుతుంది, ఒరిగినప్పుడల్లా దాని అయస్కాంతం రీడ్ స్విచ్‌ను (అయస్కాంతం దగ్గరికొస్తే కలిసే స్విచ్) ఒకసారి కలుపుతుంది, ఆ కలపడాన్ని రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు లెక్కపెడుతుంది. స్విచ్ కలిసేటప్పుడు అదురుతుంది కాబట్టి 100 మిల్లీసెకన్లలోపు మళ్లీ వచ్చినదాన్ని వదిలేస్తున్నాను. ఇదంతా ఒక సాయంత్రం పని. ఫైల్లోకి రాయడానికే మిగతా రోజులన్నీ పట్టాయి.

మొదటి మంచి వాన రాత్రి పడింది. పొద్దున్నే నాయన "ఎంత పడిందిరా?" అని అడిగితే ఫైలు తెరిచాను, ఒక్క లైను కూడా లేదు. ఉరుము ఉరిమితే మా ఊర్లో కరెంటు పోతుంది, ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కానీ కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ క్షణం చాలు, బోర్డు ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. అంటే వాన గట్టిగా పడే సమయమూ నా ప్రోగ్రాం చచ్చే సమయమూ ఒకటే.

ప్రోగ్రాం సీ భాషలో రాశాను, ఫైల్లోకి రాయడానికి ఎఫ్‌ప్రింట్‌ఎఫ్ అనే ఫంక్షన్ వాడాను. అది రాసింది నేరుగా ఫైల్లోకి వెళ్లదు, ప్రోగ్రాం సొంత మెమరీలో బఫర్ అనే తాత్కాలిక గదిలో చేరుతుంది, అది నిండాకే కర్నెల్‌కు, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకు వెళ్తుంది. నా దగ్గర ఆ బఫర్ 4096 బైట్లు, నేను రాసే లైను సుమారు 20 బైట్లు. లెక్క వేస్తే 200కు పైగా లైన్లు, అంటే 40 మి.మీ. వాన దాకా ఫైలుకు చేరకుండానే ఉండిపోవచ్చు. మా దగ్గర 40 మి.మీ. అంటే పెద్ద వాన! టెస్ట్ చేసినప్పుడు ఎందుకు తెలియలేదంటే అప్పుడు టెర్మినల్‌కు రాయించాను, టెర్మినల్ అయితే లైను పూర్తవగానే బయటికి పంపేస్తుంది, ఫైలు అయితే అలా చేయదు.

అందుకే అదంతా తీసేసి నేరుగా కర్నెల్‌నే అడిగే ఓపెన్, రైట్ సిస్టమ్ కాల్స్‌కు దిగాను. ఓపెన్‌కు మూడు ఫ్లాగులు ఇస్తున్నాను: రాయడానికి మాత్రమే, ఫైలు లేకపోతే సృష్టించు, ఎప్పుడూ చివరనే చేర్చు. సృష్టించు అన్నప్పుడు అనుమతుల సంఖ్య కూడా ఇవ్వాలి. ఇక్కడ ఒక రోజంతా పోయింది, ఎందుకంటే 0644 అని రాయాల్సిన చోట ముందు సున్నా మరిచిపోయి 644 అని రాశాను. సున్నా ఉంటే సీ దాన్ని ఆక్టల్‌గా (ఎనిమిది ఆధారంగా లెక్కించే సంఖ్యగా) చదువుతుంది, లేకపోతే మామూలు సంఖ్యగా తీసుకుంటుంది, ఆ మామూలు 644 ఆక్టల్లో 1204 అవుతుంది. దాని అర్థం యజమానికి రాసే హక్కు ఉంది, చదివే హక్కు లేదు. ప్రోగ్రాం హాయిగా రాస్తోంది, ఫైల్లో ఉన్నది చూపించే క్యాట్ కమాండ్ నేను కొడితే పర్మిషన్ డినైడ్ అంటోంది. ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ కమాండ్‌లో అనుమతుల చివర పెద్ద టీ అక్షరం (1204లోని మొదటి 1కి గుర్తు) కనిపించినప్పుడు గానీ అర్థం కాలేదు.

రైట్ ఎన్ని బైట్లు రాసిందో చెబుతుంది, అడిగినన్నీ రాయాలని లేదు. తక్కువ రాస్తే మిగతా వాటితో మళ్లీ పిలవాలి, మైనస్ 1 వస్తే లోపం ఏమిటో చెప్పే ఎర్‌నో చూడాలి, సిగ్నల్ వచ్చి మధ్యలో ఆగి ఉంటే మళ్లీ ప్రయత్నించాలి. డిస్క్ నిండితే ఏమవుతుందో చూడాలని బోర్డులో డిస్కుగా వాడే మెమరీ కార్డు నింపక్కర్లేదు, లైనక్స్‌లో డెవ్ ఫుల్ అనే పరికరం ఫైలు ఉంది, దానికి ఏం రాయబోయినా చోటు లేదనే లోపమే ఇస్తుంది. ఈ ఫైలు గురించి ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేదో!

ఇంత చేసినా రైట్ విజయవంతంగా తిరిగొచ్చిందంటే డేటా కార్డు మీదికి చేరిందని కాదు. కర్నెల్ మెమరీలోని పేజ్ క్యాష్‌లోకి కాపీ అయింది, అంతే. ప్రోగ్రాం చచ్చినా అది బతుకుతుంది, కరెంటు పోతే బతకదు. లైనక్స్ మామూలు సెట్టింగుల్లో ఆ పేజీలకు 30 సెకన్ల వయసు వచ్చాకే తప్పనిసరిగా కార్డుకు పంపే పని మొదలవుతుంది. కాబట్టి ప్రతి రికార్డు తర్వాత, డేటాను వెంటనే కార్డుకు చేర్చమనే ఎఫ్‌డేటాసింక్ పిలుస్తున్నాను. ఫైలు పెరిగితే కొత్త సైజును కూడా అదే భద్రపరుస్తుంది. ఫైలును మొదటిసారి సృష్టించినప్పుడు మాత్రం దాని డైరెక్టరీని కూడా తెరిచి ఎఫ్‌సింక్ చేయాలి, లేకపోతే లోపలి డేటా ఉన్నా ఆ పేరు మాయం కావచ్చు.

ఇలా మాటిమాటికీ రాస్తే కార్డు అరిగిపోదా అని టెన్షన్ పడ్డాను. ఇప్పుడు లైనుకు బదులు 16 బైట్ల రికార్డు పెట్టుకున్నా: సమయానికి 8, లెక్కకు 4, రికార్డు చెడిందో లేదో పట్టిచ్చే సీఆర్‌సీ అనే తనిఖీ సంఖ్యకు 4. 550 మి.మీ. అంటే 2750 ఒరుగుళ్లు, ఏడాదికి 44,000 బైట్లు. సింక్ చేసిన ప్రతిసారీ కార్డు లోపల దీనికంటే చాలా ఎక్కువే రాస్తుంది, అయినా ఏడాదికి 2750 సార్లు పెద్ద విషయం కాదు. గంటకు 60 మి.మీ. కుండపోత పడినా 12 సెకన్లకు ఒక రికార్డు, కాబట్టి వేగం గురించి కూడా బెంగ లేదు.

సగం రాసిన రికార్డు మిగిలితే ఏం చేయాలన్నది ఇంకో మాట. ప్రోగ్రాం మొదలవగానే ఫైలు పొడవు 16తో భాగించబడుతుందా, చివరి రికార్డు సీఆర్‌సీ సరిపోతుందా అని చూసి, లేకపోతే ఆ తోకను ఎఫ్‌ట్రంకేట్‌తో కోసేస్తుంది. ముందు ఈ పని చేయలేదు, దాంతో ఒకసారి తోక తర్వాత చేరిన రికార్డులన్నీ పక్కకు జరిగిపోయాయి.

టెస్టుకు మెడికల్ షాపులో సెలైన్ సెట్ కొన్నాను. నీళ్ల సీసా తలకిందులుగా వేలాడదీసి చక్రం తిప్పితే బొట్టు బొట్టుగా ఒకే వేగంతో పడుతుంది, ఇంతకంటే మంచి కృత్రిమ వాన నాకు దొరకలేదు. అది పడుతుండగా ప్లగ్గు 25 సార్లు పీకాను, పీకే ముందు స్క్రీన్ మీద కనిపించిన లెక్కతో ఫైల్ని పోల్చాను, సింక్ అయిన ప్రతి రికార్డూ ఉంది.

మొన్న రాత్రి నిజం వాన వచ్చింది. కరెంటు మూడుసార్లు పోయింది, ఫైల్లో 87 రికార్డులు, అంటే 17.4 మి.మీ. పక్కన పెట్టిన నిలువు గోడల డబ్బాలో స్కేలు పెడితే 18కి కాస్త తక్కువ. బోర్డు మళ్లీ లేచే అర నిమిషంలో ఒరిగినవి ఒకటి రెండు పోయి ఉంటాయి. కానీ లేచిన వెంటనే రాసిన రికార్డుల మీద సమయం తప్పు, ఎందుకంటే ఈ బోర్డులో గడియారానికి బ్యాటరీ లేదు, ఇంటర్నెట్ దొరికేదాకా చివరిసారి భద్రపరిచిన సమయం నుంచే లెక్కపెట్టుకుంటుంది, రౌటర్ కూడా అప్పుడే లేస్తుంది కదా. డీఎస్3231 గడియారం మాడ్యూల్ ఆర్డర్ పెట్టాను. వచ్చేలోపు సమయం ఖాయమని తెలిసిన రికార్డుకూ తెలియనిదానికీ తేడా చూపించే ఒక బిట్‌ను లెక్క గడిలోనే పెడుతున్నాను.