అయిదుగురం, ఒక కారు, 640 కిలోమీటర్లు

బయలుదేరే ముందు రోజు సాయంత్రం డ్రైవర్ తలుపు తీసి, అది ఆనుకునే చోట అతికించి ఉన్న చిన్న స్టిక్కర్‌ని మొదటిసారి పూర్తిగా చదివాను. నాలుగేళ్లుగా అక్కడే ఉంది. అందులో టైర్ల గాలి లెక్కలు రెండు రకాలున్నాయి, ఇద్దరు ముగ్గురు కూర్చుంటే ఒకటి, బండి నిండా మనుషులూ సామానూ ఉంటే ఇంకొకటి. మా కారుకి మామూలుగా 33 పీఎస్ఐ, నిండా ఉంటే వెనక టైర్లకి 36. మేం ఇన్నాళ్లూ అన్నిటికీ 33 గాలే పట్టించి తిరిగాం. ఈసారి నేనూ, మా ఆయనా, అత్తయ్యా, పిల్లలిద్దరూ, డిక్కీ నిండా బ్యాగులు, 640 కిలోమీటర్లు, అందులో చివరి 70 కొండ దారి. తెల్లవారుజామున టైర్లు చల్లగా ఉన్నప్పుడే చిన్న కంప్రెసర్‌తో ఇంటి దగ్గరే గాలి పట్టాం. కాస్త దూరం వెళ్లాక టైరు వేడెక్కి లెక్క ఎక్కువ చూపిస్తుంది, అప్పుడు ఎక్కువైందని తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది.

అదే సాయంత్రం ముందు సీట్ల కవర్లు కూడా తీసేశాను. మా సీట్ల అంచున ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగ్ ఉంది. అంటే పక్క నుంచి ఏదైనా గుద్దితే ఆ కుట్టు చీల్చుకుని బ్యాగ్ బయటికి రావాలి, దాని మీద మందపాటి కవరు బిగించి పెడితే ఎలా వస్తుంది? డ్రైవర్ కాళ్ల దగ్గర కారుతో వచ్చిన మ్యాట్ మీద ఇంకో మ్యాట్ వేసుకున్నాం, అదీ తీశాను, ఎందుకంటే దానికి హుక్కులు లేవు, జరుగుతూ జరుగుతూ యాక్సిలరేటర్ కిందకి పోతుంది. యాక్సెసరీలు కొనడం నాకు చాలా ఇష్టం, కానీ కారులో ఉన్న రక్షణకి అడ్డొచ్చే వస్తువు ఎంత అందంగా ఉన్నా ఇక మా బండిలో ఉండదు.

ఉదయం అయిదున్నరకి ఎక్కాం. పాప సీటుని ఐసోఫిక్స్‌కి తగిలించాం. వెనక సీటులో కూర్చునే భాగానికీ ఆనుకునే భాగానికీ మధ్య సందులో చెయ్యి పెడితే రెండు ఇనుప కడ్డీలు తగులుతాయి, పిల్లల సీటు కొక్కాలు వాటికి టక్కుమని పడతాయి, పై పట్టీని సీటు వెనక ఉన్న కొక్కేనికి బిగించాలి. పాత సీటుని బెల్టుతో కట్టినప్పుడు ప్రతి మలుపులోనూ ఊగేది, ఇది కదల్లేదు. తొమ్మిదేళ్ల బాబు మధ్యలో, చిన్న బూస్టర్ మీద. మధ్య సీటుకి కూడా భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా అని కారు కొనేటప్పుడే చూసుకున్నాం. నడుముకి మాత్రమే కట్టే బెల్టు ఉంటే గట్టిగా బ్రేక్ వేసినప్పుడు పై శరీరమంతా ముందుకి విసిరినట్టు వెళ్తుంది. భుజం మీదుగా వచ్చే ఈ మూడు కొసల బెల్టుని వోల్వోలో ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించాడు, 1959లో కార్లలోకి వచ్చింది, ఆ కంపెనీ పేటెంటు తన దగ్గరే దాచుకోకుండా అందరినీ వాడుకోనిచ్చింది. పిల్లలకి బెల్టు పెట్టిన ప్రతిసారీ ఆ నిర్ణయం మీద నాకు గౌరవం కలుగుతుంది.

అత్తయ్యకి మోకాళ్ల నొప్పి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆవిడకి కావలసింది తలుపు పైన ఉండే పట్టుకునే పిడి. అది ఎంత ముఖ్యమో ఆవిడ దాన్ని పట్టుకుని లేచినప్పుడే నాకు అర్థమైంది. చైల్డ్ లాక్ ఒక్కో తలుపుకి విడిగా ఉంటుంది కాబట్టి పాప వైపు వేసి, ఆవిడ వైపు తీసేశాం. లేకపోతే ఆగిన ప్రతిచోటా ఎవరైనా వచ్చి తలుపు తీసేదాకా లోపలే కూర్చోవాలి.

మొదటి రెండు గంటలు హాయిగా సాగింది. తర్వాత కారులో అందరూ ఒకేసారి మత్తుగా అయిపోయారు, నడుపుతున్న మా ఆయనకి కూడా ఆవలింతలు. చూస్తే ఏసీ లోపలి గాలినే తిప్పే బటన్ బయలుదేరినప్పటి నుంచీ వేసే ఉంది. దుమ్ములోనో, పొగ కక్కే లారీ వెనకో అది మంచిదే, కానీ అద్దాలన్నీ మూసి అయిదుగురం అదే గాలి పీలుస్తూ ఉంటే కార్బన్ డయాక్సైడ్ పెరిగి నిద్ర ముంచుకొస్తుంది. బటన్ నొక్కి బయటి గాలి రానిచ్చాం, ఒకచోట ఆగి కాళ్లు చాపుకున్నాం, తర్వాత స్టీరింగ్ నేను తీసుకున్నాను.

ఫోన్ సంగతి కూడా చెప్పాలి. మ్యాప్ పెట్టుకుని వెళ్తున్నాం, కారు యూఎస్‌బీకి తగిలించే ఉంది, అయినా చార్జింగ్ తగ్గుతూనే పోయింది. ఆ పాత రకం సాకెట్ ఇచ్చేది రెండున్నర వాట్లు, స్క్రీనూ జీపీఎస్సూ కలిసి అంతకంటే ఎక్కువే తినేస్తాయి. పక్కనే ఉన్న 12 వోల్టుల సాకెట్‌లో మంచి అడాప్టర్ పెడితే గంటలో నిండింది.

పెట్రోల్ బంకులో ట్యాంకు మూత ఏ పక్కో అన్న గందరగోళం మాకు ఎప్పుడూ ఉండేది, ఇద్దరం మార్చి మార్చి నడుపుతాం కదా. మీటరులో పెట్రోల్ బొమ్మ పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుందని బాబు చూపించాడు, మూత ఆ పక్కన ఉన్నట్టు. ఫోర్డ్‌లో జిమ్ మోయ్‌లన్ అనే ఉద్యోగి 1986లో వానలో తడిసిన రోజు ఆ ఆలోచన రాసి ఇచ్చాడట.

మధ్యాహ్నం దాటాక మాకూ వాన మొదలైంది. ముందు అద్దం లోపలి వైపు ఆవిరి పట్టి అయిదు నిమిషాల్లో తెల్లగా అయిపోయింది. పాప గుడ్డతో తుడుస్తానంటుంది, తుడిస్తే మరకలే మిగులుతాయి. ఏసీ వేసి, గాలిని అద్దం మీదకి తిప్పి, బయటి గాలి పెట్టగానే తేటపడింది, ఏసీ గాలిలోని తేమని లాగేస్తుంది కాబట్టి. ఇదంతా నేను రోడ్డు మీది నుంచి కళ్లు తిప్పకుండా, చేత్తో తడిమి చేయగలిగాను. మా కారులో వీటికి ఇంకా గుండ్రటి నాబ్‌లే ఉన్నాయి. ఇప్పుడొచ్చే కొన్ని కార్లలో ఇది కూడా స్క్రీన్‌లో వెతుక్కోవాలి, ఆ వానలో నేను అలా వెతుక్కునేదాన్నయితే ఏం జరిగేదో ఊహించలేను.

చీకటి పడ్డాక ఎదురొచ్చే బండ్లన్నీ మాకు లైట్లు కొట్టడం మొదలుపెట్టాయి. నేను లైట్లు కిందకి పడే డిప్‌లోనే ఉన్నాను. డిక్కీ బరువుకి వెనక భాగం కిందకి దిగి ముందు లైట్లు పైకి లేచాయని మా ఆయన అన్నారు. స్టీరింగ్ పక్కన 0 నుంచి 3 దాకా అంకెలున్న చిన్న చక్రం అందుకే ఉంది, 2కి తిప్పగానే వెలుతురు రోడ్డు మీదకి దిగింది, తర్వాత ఎవరూ లైట్లు కొట్టలేదు.

కొండ మొదలుకి ఇంకో ఇరవై కిలోమీటర్లు ఉందనగా వెనక టైరు పంక్చర్ అయింది. రోడ్డు దిగి చదునైన చోట ఆపి హజార్డ్ లైట్లు వేశాం. పిల్లలనీ అత్తయ్యనీ దించి రోడ్డుకి దూరంగా నిలబెట్టాం. అక్కడ మాకు టెన్షన్ మొదలైంది, ఎందుకంటే స్టెప్నీ డిక్కీ అడుగున, జాకీ దాని పక్కన, ఎర్ర త్రికోణం కూడా అక్కడే, వాటి మీద ఆరు బ్యాగులు. చినుకుల్లో అన్నీ కింద పెట్టాల్సి వచ్చింది. త్రికోణాన్ని వెనక దూరంగా పెట్టి వచ్చేసరికి పది నిమిషాలు పట్టింది. వెనక నుంచి వచ్చేవాళ్లకి మేం కనపడాల్సిందే ఆ పది నిమిషాలూ కదా. సామాను సర్దేటప్పుడు ఈ ఒక్క విషయం నాకు ముందే తట్టాల్సింది.

స్టెప్నీ తీస్తే మెత్తగా ఉంది. మాది సన్నటి స్టెప్నీ, దానికి 60 పీఎస్ఐ ఉండాలని దాని మీదే రాసి ఉంది, గేజ్ పెడితే 38. కంప్రెసర్ తెచ్చుకున్నందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. ఇంజన్ ఆన్‌లో ఉంచి 12 వోల్టుల సాకెట్‌కి పెట్టి నింపాం. నట్లని చక్రం నేల మీద ఉండగానే కాస్త వదులు చేసి తర్వాత జాకీ ఎత్తాలి, గాల్లో తిరిగే చక్రానికి నట్లు ఊడవు. బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాం. ఫోన్ టార్చ్ పట్టుకుని బాబు కదలకుండా నిలబడ్డాడు. "ఈ స్టెప్నీ అన్న పేరు ఎక్కడిదమ్మా?" అని వాడు అడిగితే, వేల్స్‌లోని లనెల్లి ఊళ్లో స్టెప్నీ స్ట్రీట్ అనే వీధి ఉందనీ, 1904లో అక్కడ ఇద్దరు అన్నదమ్ములు అదనపు చక్రాలు చేసి అమ్మారనీ, ఆ వీధి పేరే మన దగ్గరికి వచ్చేసిందనీ చెప్పాను. అత్తయ్య కూడా ఆసక్తిగా విన్నారు.

ఆ సన్నటి చక్రానికి 80 కిలోమీటర్ల వేగం దాటకూడదు. ఆ రాత్రి కొండ ఎక్కలేదు, కిందే ఒక లాడ్జిలో పడుకుని, ఉదయం అసలు టైరుకి పంక్చర్ వేయించి మార్చుకుని బయలుదేరాం. ఎక్కేటప్పుడు, ముందు బండి ఏటవాలులో ఆగినప్పుడల్లా బ్రేక్ వదిలాక కూడా మా కారు రెండు క్షణాలు వెనక్కి జారకుండా నిలబడింది, హిల్ హోల్డ్ ఉంది కాబట్టి. దిగేటప్పుడు గేరు ఎల్‌లో, అంటే తక్కువ గేరులో పెట్టి ఇంజన్ పట్టుతోనే దిగాం. మలుపు మలుపుకీ బ్రేక్ తొక్కుతూ దిగితే అది వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. కొండ మీద రెండు రోజులు మబ్బులో తిరగడం, పాప ఆనందం, అత్తయ్య అరుగు మీద కూర్చుని గంటల తరబడి లోయ చూడడం, అవన్నీ ఇంకోసారి రాస్తాను.

తిరుగు ప్రయాణంలో త్రికోణం, స్పానర్, టార్చ్ మూడూ ఒక సంచిలో వేసి ముందు సీటు కింద పెట్టాం. మార్చిన చక్రం నట్లు ఒకసారి మళ్లీ బిగించాం. ఇప్పుడు బయటికి వెళ్దామంటే చాలు, అత్తయ్య పిడి పట్టుకుని ఎక్కుతూనే అడుగుతున్నారు, "అమ్మాయ్, ఆ సన్న చక్రంలో గాలి చూశావా?"

"చూశాను అత్తయ్యా, 60 ఉంది."