కాలువ గట్టుకు వెళ్లరాదు

మా హైస్కూలు వెనుక గోడకు అవతల గోదావరి కాలువ. గోడ మీద నల్లరంగుతో ‘కాలువ గట్టుకు వెళ్లరాదు’ అని రాసి ఉండేది. మధ్యాహ్నం గంట కొట్టగానే సరిగ్గా ఆ అక్షరాలున్న చోటే గోడ దూకేవాళ్లం. చల్లదనమే కావాలంటే బడిలో బోరింగు ఉండనే ఉంది. (ఆడపిల్లలకు దూకే వీలు లేదు. వాళ్లు ఏయే నిబంధనలు మీరారో వాళ్లే చెప్పాలి.)

ధవళేశ్వరంలో నీళ్లు ఆపి వేసవికి కాలువలు కట్టేశాక, ఎండిన కాలువలో కబడ్డీ ఆడుకోమని డ్రిల్లు మాస్టారే పంపారు. రెండో రోజుకే అందరికీ విసుగొచ్చింది. తనదనుకున్న స్వేచ్ఛకు అడ్డుపడితే మనిషికి పంతం పుడుతుందనీ, వద్దన్నదాని మీదే మోజు పెరుగుతుందనీ అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జాక్ బ్రెమ్ 1966లో సిద్ధాంతీకరించాడు. చాలా ఏళ్ల తర్వాత చదివితే, మా గోడ గురించే రాశాడనిపించింది.

అయితే అదే కాలువ మీద, నీళ్లు ఆపి వదిలే తలుపులుండే లాకుల దగ్గర మాత్రం మాలో ఒక్కడూ దిగేవాడు కాదు. అక్కడ ఏ బోర్డూ లేదు. లాకులు చూసుకునే లస్కరు ఒకసారి అరటి బోదె తెచ్చి తలుపుల ముందు నీళ్లలో పడేశారు. చప్పున మునిగింది. ఎంతో సేపటికి ఎక్కడో దిగువన తేలింది. ఆయన ‘వద్దు’ అనలేదు, తిట్టలేదు, బీడీ వెలిగించుకుని వెళ్లిపోయారు. కారణం కళ్లతో చూసినచోట పంతానికి పనిలేకపోయింది. గోడ మీది రాతకు కారణం ఏమిటో మాకెవరూ చెప్పలేదు.

సాంఘికశాస్త్రం మాస్టారు ఉప్పు సత్యాగ్రహం చెబుతూ, 1930లో బులుసు సాంబమూర్తిగారు కాకినాడ దగ్గర చొల్లంగిలో ఉప్పు చట్టాన్ని ధిక్కరించిన సంగతి చెప్పారు. అమావాస్య తీర్థానికి వెళ్లే చొల్లంగే! వెనక బెంచీవాడు లేచి, “అయితే మేము గోడ దూకడం కూడా సత్యాగ్రహమేనాండీ?” అన్నాడు.

“గాంధీగారు వైస్రాయికి ముందే ఉత్తరం రాసి బయలుదేరారురా. నువ్వూ చెప్పి దూకు. శిక్షకు చెయ్యి చాపు. అప్పుడు ఆలోచిద్దాం” అన్నారు మాస్టారు.

మర్నాడు వాడు నిజంగానే హెడ్మాస్టరుగారి గది ముందు నిలబడి, “మధ్యాహ్నం కాలువకు వెళ్తున్నానండీ” అన్నాడు. ఆయన రెండు దెబ్బలు వేసి, “ఈత వచ్చా?” అని అడిగారు.