పచ్చిరసం పంచాయితీ

ఆకాకర పాదుకు ఈ రోజు తొలి పిందె నిలిచింది; అసలు దాని గురించే రాయవలసింది. చలికాలమంతా మట్టిలో పడుకున్న దుంప తొలకరికి మళ్ళీ మొలకెత్తి, కంచె పట్టుకుని పాకి, ఇన్నాళ్ళకు మాట నిలబెట్టుకుంది. మగ పాదు, ఆడ పాదు వేరువేరుగా ఉండే జాతి కనుక, చీకటి పడే వేళ విచ్చుకున్న మగ పువ్వును తుంచి ఆడ పువ్వుకు అద్దడం నా పనే అయింది. ఆ సంతోషం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు, ఎందుకంటే పై వాటా ఆవిడ గిన్నె పట్టుకుని మా పెరట్లోని చక్రముని అనే ఆకుకూర కోసం దిగివచ్చారు.

పరగడుపున ఆ ఆకును పచ్చిగా మిక్సీలో వేసి రసం తాగితే ఒళ్ళు తగ్గుతుందని ఆవిడకు ఎవరో ఫోనులో పంపించారట. నర్సరీలో కొన్నప్పుడు ఆ మొక్కకు 'మల్టీవిటమిన్ మొక్క' అన్న చీటీ వేలాడుతూ ఉండేది. దానిలో ఏ విటమిన్లు ఉన్నాయో వరసగా అచ్చువేసిన ఆ చీటీ మీద, దాన్ని ఎలా వండుకోవాలన్నది మాత్రం ఒక్క ముక్క కూడా లేదు. ఆకు ఎంత కావాలంటే అంత కోసుకోండి, కాని పప్పులో వేసి బాగా ఉడికించి తినండి, పచ్చిరసం మాత్రం వద్దు అన్నాను. 1994, 1995 ప్రాంతంలో తైవాన్‌లో సరిగ్గా ఇదే ఆశతో, బరువు తగ్గుతామని, ఈ ఆకు పచ్చిరసం వారాల తరబడి తాగినవారిలో 200 మందికి పైగా ఊపిరితిత్తుల్లోని సన్నని గాలి గొట్టాలు పూడుకుపోయాయనీ, రసం మానేసినా అవి మళ్ళీ తెరుచుకోలేదనీ, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారనీ గుమ్మంలో నిలబడే చెప్పాను. ఆవిడ అంతా విని, "ఆకు ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పేయొచ్చు కదండీ, ఊపిరితిత్తుల దాకా ఎందుకు?" అని ఖాళీ గిన్నెతో మెట్లెక్కి వెళ్ళిపోయారు.

ఆ మాట రాత్రి పదకొండు దాటినా నన్ను వదలడం లేదు. పెరట్లో ఏడాది పొడుగునా ఆకు ఇచ్చే మొక్క, కొమ్మ గుచ్చితే బతికే మొక్క, నడుము ఎత్తున కత్తిరించిన ప్రతిసారీ గుబురుగా చిగురించే మొక్క. దాన్ని పిసినారితనంతో దాచుకోవలసిన అవసరం నాకేముంది? మలేషియాలో దీన్ని కోడిగుడ్డు కొట్టి వేయించుకుంటారు, కేరళలో కొబ్బరి వేసి తోరన్ చేసుకుంటారు, తరాలుగా కూరగానే తింటున్నారు. దాని జోలికి మందు పేరుతో వెళ్ళినవారికే చిక్కు వచ్చింది. కూరగాయకు మందు చీటీ తగిలించడమే అన్ని అనర్థాలకూ మూలమని గట్టిగా రాసేద్దామనే ఈ టపా మొదలుపెట్టాను.

అయితే అమ్మమ్మ గుర్తుకు వచ్చింది. దొడ్డి కంచె మీద నల్లేరు పాకి ఉండేది. ఆవిడ ముందుగా చేతులకు నువ్వులనూనె రాసుకుని, కొసన ఉన్న లేత కణుపులు రెండు మూడింటినే తుంచి, నాలుగు అంచుల వెంట ఉండే పీచును గోటితో లాగేసేది. పీచు రాకుండా పుటుక్కున విరిగితేనే అది పచ్చడికి పనికివచ్చే లేతదనం. ముక్కలను నూనెలో మగ్గనిచ్చేది కాదు, పచ్చదనం పోయి ముడుచుకునే దాకా వేయించేది, ఆ తరువాత మినప్పప్పు, ఎండుమిరపకాయలు, మామూలు పచ్చళ్ళకు వేసేదానికంటే ఎక్కువ చింతపండు వేసి రోట్లో నూరేది. ఒకసారి ఆవిడ చూడకుండా నేను పచ్చి కణుపు కొరికి, నాలుకంతా దురద పెట్టి ఏడుస్తుంటే, చింతపండు చప్పరించమని చేతిలో పెట్టి, "నల్లేరు మీద నడవాల్సింది బండే, నాలుక కాదు" అని నవ్వింది. అదే నోటితో, పచ్చడి అన్నంలో కలిపి పెడుతూ, ఇది తింటే ఎముకలు గట్టిపడతాయని చెప్పింది. పొన్నగంటి కూర కళ్ళకు మంచిదన్నది ఆవిడే, ఆషాఢంలో మునగాకు తిని తీరాలన్నదీ ఆవిడే. మందు పేరు చెప్పకుండా మాకు ఒక్క ఆకైనా పెట్టిన గుర్తు లేదు.

కాబట్టి చీటీని తిట్టే హక్కు నాకు అంతగా లేదు. కాని అమ్మమ్మ వైద్యమంతా పొయ్యి మీదుగానే వచ్చేది. కంద దురద పోవాలంటే చింతపండు పులుసులో ఉడకాలి, బచ్చలి తోడు కావాలి, ఆవ పెట్టాలి. ఏ దుంపకు ఎంత సేపు, ఏ ఆకుకు ఏ పులుపు అన్నది ఆవిడ చెప్పే మంచి గుణంలోనే కలిసి ఉండేది. ఫోనులో వచ్చిన సందేశానికి ఆ రెండో సగం లేదు.

మా ఇంట్లోనూ ఈ ఆకుకు పెద్ద గౌరవం లేదనుకోండి. ఆకుకూర అంటే గోంగూర, తోటకూర, మిగతావన్నీ చెట్లేనన్నది ఈయన సిద్ధాంతం. మావాడి సంగతి మీకు తెలిసిందే. పప్పులోంచి ఆకును ఏరి కంచం అంచున వరసగా పేరుస్తాడు. చక్రముని లేత చిగుళ్ళు ఉడికాక పచ్చి బఠాణీని తలపించే కమ్మదనం ఇస్తాయని ఎన్నిసార్లు చెప్పినా, విటమిన్ల మాట ఎత్తితే తప్ప వాడు ముద్ద ముట్టడు. అదిగో, నేనూ అదే చీటీ చదువుతున్నాను.

రేపు పెసరపప్పుతో వండి పైకి ఒక గిన్నె పంపుతానంటే, మన గిన్నెలు ఇప్పటికే చాలా పైనే ఉన్నాయి, అవి ఎప్పుడు దిగివస్తాయో ముందు అడగమని ఈయన అన్నారు. ఈ ఒక్క విషయంలో ఆయన పక్షమే.