బుడమేరు పట్టుకుపోయిన మా అమ్మ పళ్ళ సెట్టు, మళ్ళీ ఎలా కట్టించామంటే

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. మా విజయవాడ సింగ్ నగర్ వాళ్ళకి ఆ తేదీ చెప్తే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. గుమ్మంలోకి వచ్చిన బుడమేరు వాగు నీళ్ళు చూస్తుండగానే మంచం ముంచేశాయి, అమ్మని ఎత్తుకుని పై వాటా వాళ్ళింటికి ఎక్కేశాం. ఆధార్లు, రేషన్ కార్డు, ఇంటి కాగితాలు అన్నీ కవర్లో కట్టి పట్టుకెళ్ళాం గానీ వంటింటి గట్టు మీద గ్లాసులో ఉన్న అమ్మ పళ్ళ సెట్టు ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తొచ్చింది ఎప్పుడంటే పడవ మీద పులిహోర పొట్లాలు వచ్చినప్పుడు. అమ్మ పొట్లం విప్పి, ఒక ముద్ద పెట్టుకుని, ఆగిపోయి "ఒరేయ్, నా పళ్ళురా" అంది.

నీళ్ళు తీశాక ఫైరింజన్ తో ఇళ్ళు కడిగారు, బురదలో గ్లాసు దొరికింది, పళ్ళు దొరకలేదు. నష్టం రాసుకోడానికి సచివాలయం అమ్మాయి వస్తే అమ్మ ఫ్రిజ్జు, మిక్సీ, పరుపులు అన్నీ చెప్పి "పళ్ళు కూడా రాసుకోమ్మా" అంది, ఆ పిల్లకి నవ్వాలో వద్దో తెలీక "దానికి కాలమ్ లేదు మామ్మగారూ" అంది. గ్రౌండ్ ఫ్లోర్ కి ఇచ్చిన 25 వేలు పరుపులకి, ఫ్రిజ్జుకి, పిల్లల పుస్తకాలకే చాల్లేదు.

అలా నాలుగు నెలలు మెత్తటన్నం, పాలల్లో నానేసిన బ్రెడ్డు, అరటిపళ్ళు. సంక్రాంతికి అరిసె తుంచి పాలల్లో నానబెట్టుకుంటుంటే చూళ్ళేక మర్నాడే దగ్గర్లో ఉన్న ఒక ప్రైవేటు క్లినిక్ కి తీసుకెళ్ళా. పాతది పైన ఫుల్ సెట్టు, కింద పార్షియల్. ఇప్పుడు కింద మిగిలిన రెండు పళ్ళూ ఊగుతున్నాయి, అవి పీకి రెండు వైపులా ఫుల్ సెట్టు కట్టాలి, 35 వేలవుతుంది అన్నారు, ఇంప్లాంట్లయితే లక్షల్లో అని ఒక పుస్తకం కూడా చేతిలో పెట్టారు. నేను ఆటోనగర్ లో స్పేర్ పార్ట్స్ షాపులో చేస్తా, నా జీతం ఎంతో మీరే ఊహించుకోండి.

ఇక కార్డుల వేట. ముందు ఎన్టీఆర్ వైద్య సేవ, అదే మన పాత ఆరోగ్యశ్రీ, అది పట్టుకుని ఒక హాస్పిటల్లో వైద్యమిత్ర డెస్క్ దగ్గరికి వెళ్ళా. ఆయన పాపం ఓపిగ్గానే చెప్పాడు, దవడ విరిగితే ఉంది, నోటి క్యాన్సర్ కి ఉంది, పళ్ళు కట్టడానికి మాత్రం లేదండీ అని. నెట్వర్క్ హాస్పిటల్ బయట బోర్డు మీద డెంటల్ అని రాసి ఉంటుంది, అది చూసి ఆశపడొద్దు. తర్వాత ఈఎస్ఐ. జీతం 21 వేల లోపు ఉండి ఈఎస్ఐ కట్ అవుతుంటే మనమీద ఆధారపడ్డ తల్లిదండ్రులకీ వైద్యం ఉంటుంది, కానీ మామూలుగా పదిమంది పనిచేసే చోటే అది వర్తిస్తుంది, మా షాపులో మేం ఐదుగురం. అమ్మకి 72 కాబట్టి 70 దాటినవాళ్ళ ఆయుష్మాన్ కార్డు సంగతీ అడిగా, అది అడ్మిట్ అయితేనే. మా పెదనాన్నగారబ్బాయి కెనడాలో ఉంటాడు, అక్కడ డెంటల్ ఇన్సూరెన్సు లేకుండా ఇంటి ఆదాయం ఏడాదికి 90 వేల డాలర్ల లోపు ఉంటే గవర్నమెంటే పళ్ళకి స్కీము పెట్టింది, 2024 మేలో ముసలివాళ్ళతో మొదలెట్టారన్నాడు. విని పెట్టుకున్నా, అంతకంటే ఏం చేస్తాం.

చివరికి దారి చూపింది మా షాపుకొచ్చే ఆటో డ్రైవరు. "కార్డులెందుకన్నా, గవర్నమెంటు పళ్ళాసుపత్రిలో కట్టరా ఏంటి" అన్నాడు. అవును కదా! పళ్ళు పీకడానికి తప్ప అక్కడికి ఎవరూ వెళ్ళరని నా బుర్రలో పడిపోయింది.

వెళ్ళేవాళ్ళు మూడు పేర్లు గుర్తుపెట్టుకోండి. ఓపీ చీటీ రాయించుకోగానే పంపేది ఓరల్ మెడిసిన్ కి, అక్కడ చూసి ఎక్కడికెళ్ళాలో రాస్తారు. పీకేది ఓరల్ సర్జరీ. సెట్టు కట్టేది ప్రాస్థో. నాకు తెలీక నేరుగా ప్రాస్థో ముందు గంట కూర్చున్నా.

పీకే ముందు బీపీ, షుగర్ చూశారు. షుగర్ 290! పీకం, తగ్గించుకుని రండి అన్నారు. ఎప్పుడూ 180 దాటనిది అంత ఎందుకయ్యిందా అనుకుంటే ఆ డాక్టరే అడిగాడు, ఏం తింటున్నారమ్మా అని. అమ్మ లిస్టు చదివింది, బ్రెడ్డు, అన్నం, అరటిపండు. అదండీ సంగతి, పళ్ళు లేక మెత్తటివి తిని షుగర్ పెరిగింది, షుగర్ పెరిగిందని పళ్ళ పని ఆగింది. మాత్ర మార్పించి, బ్రెడ్డు బదులు పెసరకట్టు, మెత్తగా ఉడికించిన ఆనపకాయ పెట్టి మూడు వారాలు తంటాలు పడ్డాం. గుండె మాత్రలు వాడేవాళ్ళయితే పాత చీటీలన్నీ పట్టుకెళ్ళండి, రక్తం పలచబడే మాత్ర ఉందా అని కచ్చితంగా అడుగుతారు, మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

పీకాక ఇంకో ఆరు వారాలు ఆగమన్నారు. పుండు మానాలి, లోపల ఎముక సర్దుకోవాలి, తొందరపడి కొలత తీస్తే సెట్టు లూజైపోద్దంట.

ఇక అసలు పని. మాకు పడింది ఒక పీజీ అమ్మాయి, పక్కన ఇద్దరు హౌస్ సర్జన్లు. మొదటి రోజు గోధుమరంగు బిళ్ళ వేడినీళ్ళలో మెత్తబెట్టి ట్రే మీద పెట్టి నోట్లోకి నొక్కింది, అమ్మకి వాంతొచ్చినట్టయి కళ్ళలో నీళ్ళు. "ముక్కుతో గాలి పీల్చండి మామ్మగారూ, కాలి బొటనవేలు కదుపుతూ ఉండండి" అంది, ఆ వేలు మీద ధ్యాస పెట్టిందో ఏమో నిజంగానే తగ్గింది. రెండోసారి అమ్మ నోటికి సరిపడా ట్రే చేసి పెట్టారు, దాని అంచు చుట్టూ ఆకుపచ్చ పుల్ల ఒకటి దీపం మీద లక్కలా కరిగించి పూస్తూ, పెదాలు అటు లాగి ఇటు లాగి అచ్చు తీశారు. చివర్లో ఒక పేస్టు, గదంతా లవంగం వాసన, అమ్మ బయటికొచ్చి "బిర్యానీ తిన్నట్టుందిరా" అంది.

నాకు బాగా నచ్చింది మూడో రోజు. ముక్కు మీద ఒక చుక్క, గడ్డం మీద ఒక చుక్క పెట్టి మధ్య దూరం స్కేలుతో కొలిచింది, మైనపు దిమ్మలు నోట్లో పెట్టి "అమ్మ అనండి" అంది. పెదాలు కలిసి వదిలినప్పుడు దవడ ఎక్కడ ఆగుతుందో చూడ్డానికంట. డెబ్భై రెండేళ్ళ మా అమ్మ కుర్చీలో కూర్చుని అమ్మ, అమ్మ, అమ్మ అంటుంటే నేను కిటికీ వైపు తిరిగా. తర్వాత పళ్ళ రంగు. అన్నిటికన్నా తెల్లగా ఉన్నది చూపిస్తే "వద్దమ్మాయ్, పెళ్ళికి నవ్వినట్టుంటది, కొంచెం పాతబడినవి పెట్టు" అని తనే ఏరుకుంది.

మైనంలో పళ్ళు గుచ్చి ట్రయల్ చూసే రోజు మాత్రం కుదర్లేదు, ఆ అమ్మాయికి పరీక్షలు, రెండున్నర వారాలు వెనక్కి. ఫోన్ చేసి ముందే చెప్పింది కాబట్టి ఒక రోజు జీతం మిగిలింది. చదువుకునే పిల్లలు చేసేచోట ఇది ఉంటుంది, ఊరి పెళ్ళో ప్రయాణమో ఉంటే ఆ లోపు వచ్చేస్తుందని లెక్కలేసుకోకండి. బదులుగా ప్రతిదీ రెండుసార్లు చూస్తారు, పెద్ద సారు వచ్చి ఇది తీసి మళ్ళీ పెట్టమ్మా అంటారు.

జూన్లో సెట్టు చేతికొచ్చింది. రేషన్ కార్డు జిరాక్సు తీసుకున్నారు, సెట్టుకి మా దగ్గర డబ్బులేమీ తీసుకోలేదు, పోయింది ఆటో చార్జీలు, నా తొమ్మిది సెలవులు.

మొదటి వారం తిప్పలు మామూలువి కావు. పై సెట్టు బాగానే అతుక్కుంది, కిందది నాలుక తగిలితే లేస్తుంది. రెండో రోజుకే చిగురు ఒరుసుకుని పుండు, అమ్మ తీసి డబ్బాలో పడేసింది, నేనేమో షాపులో ఆకురాయి ఉంది కదా నేనే కాస్త రుద్దేస్తే పోలా అనుకున్నా. అదృష్టం కొద్దీ ముందు ఆ పీజీ అమ్మాయికి ఫోన్ చేశా. "అస్సలు ముట్టుకోకండి, వచ్చే ముందు రోజు కచ్చితంగా పెట్టుకుని రండి, ఒరుసుకున్న మచ్చ కనిపిస్తేనే ఎక్కడ అరగదీయాలో తెలుస్తుంది" అంది. అలా మూడుసార్లు వెళ్ళాం. రాత్రి తీసి చల్లటి నీళ్ళలోనే వెయ్యాలి, వేడినీళ్ళు పోస్తే వంకర తిరుగుద్ది. రెండు వైపులా ఒకేసారి నమలాలి, ఒకపక్క నమిల్తే రెండోపక్క లేచిపోతుంది.

జంతిక ఇంకా చిన్న ముక్కలుగా చేసుకునే తింటుంది గానీ గోంగూరలో పచ్చి ఉల్లిపాయ మాత్రం కరకరమని నమిలేస్తుంది. మా హాల్లో గోడ మీద ఆ నీళ్ళ గీత ఇంకా పోలేదు, రెండుసార్లు సున్నం వేసినా పసుప్పచ్చగా తేల్తుంది. మొన్న అమ్మ నాచేత ఆ గీతకి జానెడు పైన ఒక చిన్న చెక్క బల్ల కొట్టించింది. రాత్రిళ్ళు గ్లాసు అక్కడ పెడుతుంది, స్టూలెక్కి మరీ.