వారంటీ దాటాక పగిలిన ఏటీవీ ఫ్రేమ్: ఇప్పటిదాకా చేసిన పని

నా ఏటీవీ, అంటే ఇసుకలో మట్టిలో తిరిగే నాలుగు చక్రాల బండి, వెనక ఎడమ వైపు నుంచి నెల రోజులుగా కిర్రుమని చప్పుడు వచ్చేది. కీలులో ఉండే బుష్ (గొట్టం లాంటి తొడుగు) అరిగిందేమోలే అని గ్రీజు పెట్టి ఊరుకున్నాను, అదే తప్పు చేశాను. అంతర్వేది ఇసుకలో తిప్పి వచ్చి కడుగుతుంటే, చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్‌ని ఫ్రేమ్‌కి బిగించే చోట, వెల్డింగు పక్కనే పెయింటు మీద సన్నటి తుప్పు గీత కనిపించింది. గోటితో గీకితే గోరు అందులో దిగింది. ఇక అనుమానం లేదు, ఫ్రేమ్ పగిలింది.

మాది రాజోలు దగ్గర. బండి సరదాకి కొన్నదే అయినా ఆదివారం బీచ్ వైపు పోతే మిగతా రోజుల్లో రొయ్యల చెరువు గట్ల మీదే ఉంటుంది. వారంటీ అయిపోయి అప్పటికి ఐదు నెలలు. షోరూములో చూపిస్తే ‘ఉప్పునీళ్ళలో తిప్పారు కదండీ’ అన్నారు, వెల్డింగు మేం చెయ్యం, ఫ్రేమ్ మొత్తం మార్చాలి, 1,40,000 అవుతుంది, కూలీ వేరే, వచ్చేసరికి మూడు నెలలు అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వారంటీ పోయిందని నోటిమాటతో వదిలేసి రాకండి. సర్వీసు బిల్లులు, పగులు పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటోలు జతచేసి కంపెనీకి మెయిల్ పెట్టాను, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేసి కూడా కనుక్కున్నాను. వినియోగదారుల చట్టం ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాలంటే ఫిర్యాదుకి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళ లోపు వెళ్ళాలి, మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. వెల్డింగు పడితే సాక్ష్యం పోతుంది కాబట్టి ఫోటోలు ముందే తీసి పెట్టుకోవాలి. పది రోజులకి జవాబొచ్చింది: ఫ్రేమ్ మీద ఏమీ తగ్గించరట, మిగతా పార్టుల మీద 20 శాతం ఇస్తారట. నేను ముందుకు వెళ్ళలేదు, ఎందుకంటే వెనక క్యారియర్ స్టిక్కర్ మీద రాసిన బరువు దాటి 25 కిలోల మేత బస్తాలు నాలుగేసి వేసిన రోజులు నావే. ఆ సంగతి నాకు తెలుసు.

ముందుగా పగులు ఎంతవరకు పోయిందో తేల్చాలి. డై పెనిట్రెంట్ అని, పగుల్లోకి రంగు దించి దాన్ని బయటపెట్టే మూడు స్ప్రే డబ్బాల సెట్టు దొరుకుతుంది. పెయింటు గీకి, క్లీనర్‌తో జిడ్డు పోగొట్టి, ఎర్ర రంగు కొట్టి పావుగంట ఆగాలి. తర్వాత క్లీనర్‌ని గుడ్డ మీద కొట్టుకుని తుడవాలి, నేరుగా ఇనుము మీద కొడితే పగులు లోపలున్న రంగు కూడా కడుక్కుపోతుంది. చివర్న తెల్ల డెవలపర్. పొడిలా ఆరుతున్న ఆ తెలుపులోంచి ఎర్రగా ఒక వెంట్రుక మొలిచింది, చూస్తుండగానే సాగి గొట్టం అడుగుకి తిరిగింది. నా కంటికి మూడు సెంటీమీటర్లే కనపడింది, నిజానికి నాలుగున్నర. కనపడినంత వరకే వెల్డు పెట్టించి ఉంటే మిగిలిన ఒకటిన్నర మళ్ళీ పాకేది.

పగులు రెండు చివర్లా 3 మిల్లీ డ్రిల్లుతో చిల్లులు పెట్టాను, పగులు ఇంకా ముందుకు పోకుండా. రెండో చిల్లు గొట్టం అడుగున పడింది, బిట్టు లోపలికి దిగగానే టీ డికాక్షన్ రంగు నీళ్ళు కారడం మొదలైంది! దాదాపు అర గ్లాసు. స్టీలు మూతలో పట్టి ఎండలో పెడితే సాయంత్రానికి తుప్పు పొడి, దాని చుట్టూ తెల్లగా ఉప్పు వలయం. ఫ్రేమ్ గొట్టానికి అడుగున నీళ్ళు పోవడానికి కంపెనీ వాళ్ళు పెట్టిన చిల్లు ఉంది, అది చెరువు గట్ల మట్టితో సిమెంటు పోసినట్టు మూసుకుపోయింది. రోజూ పైపైన కడిగి తుడిచిన నేను ఆ చిల్లు ఉందని కూడా చూడలేదు. నాలుగు బస్తాల బరువు, అరిగిన బుష్‌లో వదులు, లోపల ఉప్పు తుప్పు, మూడూ కలిసి అక్కడే పట్టాయి.

మా ఊళ్ళో వెల్డింగు మేస్త్రి గేట్లు, షెడ్లు చక్కగా చేస్తాడు. గొట్టం మందం వెర్నియర్‌తో కొలిచి 2 మిల్లీ అని చెబితే ఆయనే అన్నాడు, ‘ఆర్క్ రాడ్డుతో కొడితే కరిగి చిల్లు పడుద్దండి, టిగ్ చేసేవాళ్ళ దగ్గరకి పట్టుకెళ్ళండి.’ మంచి మాట చెప్పాడు. టిగ్ అంటే ఆర్గాన్ వాయువు పంపుతూ చేసే వెల్డింగు. సీట్లు, ప్లాస్టిక్కులు, ట్యాంకు, వెనక ఆర్మ్ ఊడదీసి, బ్యాటరీ తీసేసి, ఈసీయూ (ఇంజన్ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) ప్లగ్గు లాగేసి, బండిని టాటా ఏస్‌లో వేసుకుని సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కించి నరసాపురం మీదుగా భీమవరం తీసుకెళ్ళాను. అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలు టేబుళ్ళు, ట్యాంకులు చేసే షెడ్డులో టిగ్ మిషన్ ఉంది.

మేస్త్రి గారు పగులుని గ్రైండర్‌తో వీ ఆకారంలో తవ్వారు. ఎర్త్ క్లాంపు పగులుకి జానెడు దూరంలో బిగించారు, కరెంటు ఇంజను బేరింగుల గుండా పోకూడదు కదా. గాలికి ఆర్గాన్ చెదిరిపోతుందని షట్టరు సగం దించారు. అటొక టాకా (చిన్న వెల్డు చుక్క) ఇటొక టాకా వేసుకుంటూ, ఒక్కో అంగుళం పెట్టి ఆగుతూ చేశారు. నేను తొందరపడి తడిగుడ్డ వేద్దామా అంటే ‘వద్దండీ, దానంతట అది చల్లారాలి’ అన్నారు. దాని మీద రెండు కొనలూ చేప మూతిలా కోసిన 3 మిల్లీ పట్టీ వేశారు. పట్టీని చదరంగా కోస్తే వెల్డు గీత గొట్టానికి అడ్డంగా పడుతుంది, మళ్ళీ అక్కడే పగులుతుంది. ఈ ఒక్క విషయం అడిగి మరీ చేయించుకోండి.

వెల్డుకి ముందూ తర్వాతా తాపీ మేస్త్రుల తూకం గుండు ఆర్మ్ బోల్టు చిల్లుల నుంచి నేలకి వేలాడదీసి, సుద్దతో గుర్తులు పెట్టి మూల నుంచి మూలకి కొలిచాను. రెండు అడ్డ కొలతల మధ్య ముందు 4 మిల్లీ తేడా, తర్వాత 2. చక్రం సరిచేసుకోవడానికి అంత చాలు.

ఖర్చు: డై సెట్టు 1,200, టిగ్ పని 2,500, పట్టీ కోత, లేత్‌లో నైలాన్ బుష్‌లు తిప్పించడం కలిపి 1,800, టాటా ఏస్, పంటు 2,600, జింక్ ప్రైమరు, పెయింటు, గొట్టం లోపలికి కొట్టే వ్యాక్స్ 2,150, కొత్త బోల్టులు 450. మొత్తం 10,700. నా ఆదివారాలు మూడు.

వెల్డు మీద నల్ల పెయింటు వెయ్యలేదు, తెలుపు వేశాను. మళ్ళీ పగిలితే తుప్పు గీత ముందు అక్కడే కనపడుతుంది. పది గంటల నడకకి ఒకసారి టార్చి పట్టుకుని కిందకి దూరి చూస్తున్నాను. ఇప్పటికి 32 గంటలు, తెలుపు తెల్లగానే ఉంది, చప్పుడు లేదు. క్యారియర్ మీద రెండు బస్తాలు దాటడం లేదు, మిగతావి మా తమ్ముడి మోపెడ్ మీద వెళ్తున్నాయి.

నిన్న కుడి వైపు గొట్టం అడుగు చిల్లులో సైకిల్ స్పోకు పెట్టి తిప్పాను. అదీ మూసుకుపోయే ఉంది. మట్టి ఊడాక రెండు చెంచాల నీళ్ళు వచ్చాయి, అదే డికాక్షన్ రంగు. డై సెట్టులో ఎర్ర రంగు ఇంకా సగం డబ్బా మిగిలే ఉంది, ఈ ఆదివారం ఆ వైపు పెయింటు గీకుతాను.