నాలుగింటికి వీధి మాది

రోట్లో గోరింటాకు నలుగుతున్నప్పుడు వచ్చే పచ్చివాసన ముక్కుకి తగిలాకే ఊరొచ్చామని నాకు నమ్మకం కుదిరింది. గురువారం రాత్రి హైదరాబాద్‌లో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారుజామున రాజమండ్రిలో దిగి, రావులపాలెం మీదుగా మా ఊరు చేరేసరికి బాగా పొద్దెక్కింది. పిల్లలిద్దరికీ శుక్రవారం బడి మాన్పించాను. అట్లతద్దె ఈసారి శనివారం వచ్చింది. మా పాపకి పదేళ్ళు. ఈ ఏడు అట్లతద్దెకి దాన్ని కోనసీమలో, మా అమ్మ దగ్గర ఉంచాలని వేసవి నుంచీ అనుకుంటున్నాను.

అట్లతద్దె ఆశ్వయుజ బహుళ తదియ నాడు వస్తుంది. దసరా వెళ్ళిపోయి, దీపావళి ఇంకా రాని రోజులు. వానలు తగ్గుముఖం పట్టి, తెల్లవారుజామున పల్చగా మంచు మొదలయ్యే కాలం. పెళ్ళికాని పిల్లలు మంచి మొగుడు రావాలని, పెళ్ళైనవాళ్ళు మొగుడు చల్లగా ఉండాలని గౌరీదేవిని పూజించి, పగలంతా ఉపవాసముండి, చంద్రుణ్ని చూశాక అట్లు తింటారు. ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. నాకు మాత్రం అట్లతద్దె అంటే మొగుడి సంగతి కాదు. వేకువజాము నాలుగింటి సంగతి.

అక్కడికి వస్తాను. ముందు గోరింటాకు.

పెరట్లో నూతి పక్కనున్న గోరింట మా అమ్మమ్మ వేసింది. శుక్రవారం మధ్యాహ్నం పాప, చిన్నాడు కలిసి చేటడు ఆకు దూశారు. అమ్మ అందులో కాస్త చింతపండు, తమలపాకుల్లో వేసుకునే కాచు ఒక చిన్న ముక్క వేసి రుబ్బురోట్లో వేసింది. మిక్సీలో వేద్దామంటే ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే మంచిదైంది. రుబ్బినంతసేపూ కబుర్లు నడిచాయి. బజారులో దొరికే కోన్లు నేను పిల్లలకి పెట్టను. అందులోనూ నల్లగా పండేవాటిలో కలిపే రసాయనాలకి చర్మం బొబ్బలెక్కుతుంది. ఆకుకి ఆ భయం లేదు గానీ ఓపిక కావాలి. రంగు చర్మంలోకి దిగడానికి గంటలు పడుతుంది కాబట్టి రాత్రంతా ఉంచుకోవాల్సిందే.

వేళ్ళకి టోపీలు, అరచేతిలో చందమామ, చుట్టూ చుక్కలు. అమ్మకి వచ్చిన డిజైను అదొక్కటే, నాకు నచ్చేదీ అదే. చిన్నాడు కూడా చేతులు చాపాడు. పక్కింటి పిన్నిగారు "మగపిల్లాడికెందుకమ్మా?" అంటే అమ్మ తల ఎత్తకుండానే "గోరింటాకుకి తెలుసా అండీ ఎవరి చెయ్యో" అని వాడి చిటికెనవేలికి టోపీ పెట్టేసింది.

రాత్రి అన్నానికి ముగ్గురం చేతులు పైకెత్తుకుని వరసగా కూర్చున్నాం. అమ్మ ఒకే కంచంలో పప్పూ నెయ్యీ కలిపి ముగ్గురికీ ముద్దలు పెట్టింది. నాకు నలభై దగ్గర పడుతున్నాయి. అమ్మ చేతి ముద్ద తిని ఎన్నేళ్ళయిందో లెక్క వేసుకోవాలనిపించలేదు. ఇంకో ముద్ద అడిగాను.

నాలుగు కాకముందే అమ్మ లేపింది. పాపని లేపడం కష్టమవుతుందనుకున్నాను. భుజం మీద చెయ్యి వేయగానే లేచి కూర్చుని, ముందు చేతులు వాసన చూసుకుంది. ఎండిన ఆకు దులిపి, కొబ్బరినూనె రాసి, దీపం దగ్గర చూసుకుంటే నారింజ రంగు. "అమ్మమ్మా, ఎర్రగా అవలేదు" అంది. "రేపటికి చూడు" అంది అమ్మ.

ఉట్టి ఇప్పుడు మా ఇంట్లో వాడకంలో లేదు. ఈ ఒక్క రోజు కోసం నాన్న అటక మీంచి తీసి, దులిపి, వంటింటి దూలానికి కట్టారు. దాని కింద కూర్చుని తినేదాన్ని ఉట్టికింద ముద్ద అంటారు. రాత్రి తోడు పెట్టిన అన్నం, గోంగూర పచ్చడి, ఉల్లిపాయ పులుసు, గడ్డపెరుగు. బయట చీకటి, లోపల చల్లటి తోడన్నంలో గోంగూర కారం. హైదరాబాద్‌లో పొద్దున్న ఏడున్నరకి రెండు ఇడ్లీలు తినిపించడానికి నేను పడే అవస్థ గుర్తొచ్చింది. పాప మారు వడ్డించుకుంది.

తరవాత వీధిలోకి పరిగెత్తింది. వీధి తలుపు తీసి "వెళ్ళు" అన్నది మా అమ్మే.

ఆ మాట కోసమే నేను ఇంత దూరం వచ్చాను. అమ్మ 1960లో పుట్టింది. ఆవిడ చిన్నప్పుడు దీపాలు పెట్టే వేళ దాటితే ఆడపిల్ల అరుగు దిగకూడదు. పక్క వీధిలో పెద్దమ్మ ఇంటికి వెళ్ళాలన్నా తమ్ముడు తోడు రావాలి. అలాంటి ఇంట్లో ఏడాదికి ఒక్క రోజు, నాలుగింటికి, పెద్దవాళ్ళే లేపి, తిండి పెట్టి, తలుపు తీసి బయటికి పంపేవారు. ఊళ్ళో ఆడపిల్లలంతా వీధిలో ఉండేవారు. చెమ్మచెక్క, దాగుడుమూతలు, అరుపులు, కేకలు. తెల్లారేదాకా మగాళ్ళు అరుగుల మీద కూర్చుని చూడాల్సిందే తప్ప, నోరు ముయ్యమని ఎవరూ అనేవారు కాదు. "ఆ రోజు వీధి మాదే అమ్మాయ్" అంటుంది అమ్మ ఎప్పుడు తలుచుకున్నా. పదేళ్ళప్పుడు ఊరి చివర కాలవ లాకుల దాకా పరిగెత్తిందట. ఎవరూ ఆపలేదట.

నాకు ఈసారి ఇంకొకటి అర్థమైంది. నేను అరుగు మీద నిలబడి చూస్తే వీధంతా వెన్నెల. పున్నమి వెళ్ళి రెండు రోజులే కదా, నాలుగింటికి చంద్రుడు పడమట కొబ్బరిచెట్ల మీద ఇంకా నిండుగా ఉన్నాడు. కరెంటు దీపాలు లేని రోజుల్లో ఆడపిల్లలు చీకట్లో ఆడుకోవాలంటే ఇంతకన్నా మంచి తిథి ఎక్కడ దొరుకుతుంది? ఈ తిథి ఎంచిన ముత్తవ్వలు ఎవరో గానీ బాగా ఆలోచించారు.

ఈ ఏడు వీధిలో పిల్లలు ఎనిమిది మంది వచ్చారు. మా చిన్నప్పుడు లెక్కపెట్టలేనంత మంది. అయినా ఎనిమిది మంది చాలు వీధిని లేపడానికి. పాపకి వాళ్ళలో ఒక్కరూ తెలియదు. పావుగంటలో అందరి పేర్లూ పెట్టి అరుస్తోంది.

మావారిది నల్గొండ వైపు. పెళ్ళయ్యేదాకా అట్లతద్దె ఆయనకి పేరు వినడమే. పది రోజుల కిందటే మా అత్తమ్మ దగ్గర సద్దుల బతుకమ్మ ఆడి వచ్చాం. తంగేడు, గునుగు పేర్చి, ఊరి ఆడవాళ్ళంతా చెరువు దాకా నడిచారు. అరుగు మీద నా పక్కన కూర్చుని ఆయనే అన్నారు, "మా దగ్గర పొద్దుగూకినంక వీధి ఆడోళ్ళది, మీ దగ్గర తెల్లారకముందు" అని. పాపకి రెండూ దొరికాయి. నాకు దొరకనిది ఒకటి దానికి దొరికింది.

తెల్లవారుతుండగా పెరట్లో ఊయల. నాన్న ముందురోజే మామిడి కొమ్మకి మోకు వేసి, పీట కట్టి, తనే ఊగి చూసి మరీ కట్టుదిట్టం చేశారు. ఆ మామిడికి ఒక కథ ఉంది. నాకు పదేళ్ళప్పుడు, 1996లో, అదే చోట ఇంకో మామిడి ఉండేది, ఇద్దరు పట్టుకున్నా చేతులు కలవనంత లావు. అట్లతద్దెకి దానికే ఊగాం. వారం దాటిందో లేదో, నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చింది. కోనసీమలో ఆ రాత్రిని మరిచిపోయినవాళ్ళు ఉండరు. తెల్లారి చూస్తే కొబ్బరితోటలు దువ్వినట్టు ఒకే వైపు పడున్నాయి. మా మామిడి వేళ్ళతో సహా లేచి నూతికి అడ్డంగా పడింది. తాతయ్య చాలా రోజులు పెరటి వైపు తలుపు తీయలేదు. మరుసటేడు తొలకరికి అదే గుంటలో కొత్త మొక్క పాతారు. "ఇది ఊయలకి ఎప్పుడొస్తుంది తాతయ్యా?" అని అడిగితే "నీ కూతురికి" అన్నారు. తాతయ్య ఇప్పుడు లేరు.

పిల్లలంతా వంతులేసుకుని ఊగాక, అమ్మ కొంగు దోపుకుని వచ్చి పీట మీద కూర్చుంది. "తొయ్యవే" అంది నాతో. నేను మెల్లగా తోశాను. "అదేం తోయడం?" అంది. పాప వచ్చి రెండు చేతులతో తోసింది. అరవై దాటిన మా అమ్మ కాళ్ళు చాపి పైకి వెళ్తుంటే కింద పారిజాతాల మీద నీడ అటూ ఇటూ తిరిగింది. నాన్న ఏదో పని ఉన్నట్టు కొట్టం వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.

పగలు పెద్దగా ఏమీ చేయలేదు. పిల్లలు నులకమంచం మీద అడ్డదిడ్డంగా పడి పన్నెండింటిదాకా నిద్రపోయారు. నాన్న మావారిని చేలోకి తీసుకెళ్ళారు. స్వర్ణ వేశారు. 1982లో మార్టేరు వరి పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన రకం, ఎంటీయూ 7029. ఎన్ని కొత్త రకాలు వచ్చినా నాన్న దాన్ని వదలరు. చేను ఈనింది. వెన్ను పాలుపోసుకునే ఈ నెల రోజులూ నాన్న మాటిమాటికీ ఆకాశం చూస్తూనే ఉంటారు. తుఫాన్లన్నీ ఈ రోజుల్లోనే కదా వచ్చేవి.

నా టెన్షన్ మాత్రం ఆకాశం గురించి కాదు, అమ్మ షుగర్ గురించి. అమ్మ ఎప్పుడో ఉద్యాపన చేసి నోము ముగించేసుకుంది, ఇప్పుడు ఉపవాసం ఉండి తీరాల్సిన పనేం లేదు. అయినా ఉంటుంది. నిరుడు సాయంత్రం కళ్ళు తిరిగి స్తంభం పట్టుకుందట. నాన్న చెబితే గానీ నాకు తెలియదు. అందుకే ఈసారి పొద్దున్నే మాట తీసుకున్నాను. మధ్యాహ్నం మజ్జిగ, మీటరులో చూసుకోవడం, తక్కువగా ఉంటే వాదించకుండా తినడం. అయిదింటికి చూస్తే 74. నేను అరటిపండు ఒలిచి చేతిలో పెట్టాను. అమ్మ దాన్ని చూసింది, దేవుడి గది వైపు చూసింది. "గౌరమ్మ కూడా ఒక తల్లికి కూతురేలే" అని తినేసింది. నాకు ఏడుపొచ్చింది. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ళుంటే, పండగ ముందురోజే ఈ మాట మాట్లాడుకోండి. ఆ రోజు సాయంత్రం దాకా ఆగకండి.

అట్లు మావారు పోశారు. మినప్పప్పు, బియ్యం కలిపి రుబ్బిన పిండి, దళసరిగా. గౌరమ్మకి నైవేద్యం పదకొండు. వాయనం ఒక్కో ముత్తైదువకీ పదకొండు, ముగ్గురికి ముప్ఫై మూడు. ఇంట్లోవాళ్ళకి వేరే. కట్టెల పొయ్యి మీద రెండు పెనాలు పెట్టుకుని ఆయన పోస్తూనే ఉన్నారు. అమ్మ రెండుసార్లు వచ్చి "మీరు లేవండి బాబూ, అల్లుడు పొయ్యి దగ్గర కూర్చుంటే ఊరు నన్ననదూ" అంది. మూడోసారి వచ్చి ఇంకో గరిటెడు నెయ్యి ఇచ్చి వెళ్ళింది.

ఏడున్నర అయింది. చంద్రుడు రాలేదు. తూర్పున మబ్బు కమ్మింది. డాబా మీద అందరం చాప పరుచుకుని కూర్చున్నాం. పదకొండు ముళ్ళ తోరాలు చేతులకి, అట్ల పళ్ళెం మధ్యలో, దాని మీద అరిటాకు. చిన్నాడు ఆకలని ఏడిస్తే వాడికి ఒకటి పెట్టేశాం. ఎనిమిది దాటాక మబ్బు అంచు తెల్లబడింది. ముందు చూసింది పాప. అరిచిన అరుపుకి పక్క డాబా మీదివాళ్ళు కూడా లేచారు. బెల్లం పాకంలో ముంచుకుని మొదటి అట్టు అమ్మ నోట్లో నేను పెట్టాను.

ఆదివారం వాన. పెంకుల మీంచి చూరు ధార కడుతుంటే, మిగిలిన అట్లు కాల్చుకుని కొబ్బరి పచ్చడితో తిన్నాం. నాన్న గొడుగు వేసుకుని పిల్లలకి తేగల పాతర చూపించారు. భాద్రపదంలో పాతిన తాటి టెంకలు. ఒకటి తవ్వి చూపించమని చిన్నాడు గొడవ. "కార్తీకం వెళ్ళనీరా, పండక్కి వచ్చినప్పుడు నువ్వే తవ్వుదువుగాని" అన్నారు. మధ్యాహ్నానికి పాప చేతులు నిజంగానే ఎర్రబడ్డాయి. అమ్మమ్మ దగ్గరికి పరిగెత్తి చూపించింది. అమ్మ తన చెయ్యి పక్కన పెట్టింది, నన్ను కూడా పెట్టమంది. మావారు ఫోటో తీశారు. చిన్నాడి చిటికెనవేలు కూడా ఒక మూల పడింది.

బయల్దేరేటప్పుడు నాన్న ఊయల విప్పబోతే పాప ఒప్పుకోలేదు.

సోమవారం పొద్దున్న ఆఫీసుకి వెళ్తూ ఫోన్ చేశాను. షుగర్ చూసుకున్నావా అని అడిగితే చూసుకున్నానంది. వెనక ఏదో కిర్రు కిర్రుమంటోంది. ఏంటమ్మా ఆ చప్పుడు అన్నాను. "ఊయలే. ఎదురింటి పిల్లలు వచ్చారు, బడికెళ్ళే ముందు రెండూపులు ఊగి వెళ్తారట. ఉండు, పడిపోతారేమో చూసొస్తాను" అని ఫోన్ అరుగు మీద పెట్టేసి వెళ్ళిపోయింది. చాలాసేపు తిరిగి రాలేదు. నేను పెట్టేయలేదు.