దానిమ్మ గింజలకు ఎర్ర పూసలు

బుధవారం. పదకొండింటి దాకా కిటికీ దగ్గర మంచి వెలుతురు. కాన్వాస్ మీద పూసలు కుట్టే ఈ పనికి ట్యూబులైటు నమ్మకూడదు, దాని కింద రూబీ ఎరుపూ మెరూనూ ఒకేలా కనిపిస్తాయి.

నీడిల్‌పాయింట్ (గళ్ల కాన్వాస్ అంతా దారంతో నింపే కుట్టుపని) కాన్వాస్ మూడున్నర అంగుళాల చదరం, అంగుళానికి 18 కన్నాలు. దాని మీద రంగులతో వేసిన సగం కోసిన దానిమ్మ. తొక్క, ఆకులు, బ్యాక్‌గ్రౌండ్ అంతా టెంట్ కుట్టుతో, అంటే చిన్న ఏటవాలు కుట్లతో, పూర్తయింది. ఆరు పోగుల దారంలో నాలుగు పోగులు తీసి కుట్టినది. టెంట్ కుట్టు అంతా ఒక్క వైపే వాలుతుంది కాబట్టి చదరం కాస్తా పక్కకు లాగినట్టయింది. దాన్ని తడిపి, బోర్డు మీద మూలలు సరిచేసి, పిన్నులు గుచ్చి ఒక రోజంతా ఆరబెట్టాకే పూసల జోలికి రావాలి. పూసలు కుట్టేశాక ఇలా తడిపి లాగడం కుదరదు, ఇస్త్రీ అసలే కుదరదు. లోపల వెండి పూత ఉన్నవి నల్లబడతాయి, రంగు అద్దినవి వెలిసిపోతాయి.

మిగిలింది గింజల చోటు, దాదాపు ఒక చదరపు అంగుళం. 18 పద్దెనిమిదులు 324 పూసలు. 15/0 సైజువి గ్రాముకు 250 పైచిలుకు వస్తాయి. కొన్ని ఏరి పారేసినా రెండు గ్రాములు చాలు.

ఈ సైజు లెక్కలో అంకె పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది. 15/0 అంటే ఒకటిన్నర మిల్లీమీటర్లు, ఇక్కడ కన్నానికీ కన్నానికీ మధ్య 1.4. కాస్త ఒరుసుకుంటాయి, అందుకే సందులు కనపడవు. రెండు మిల్లీమీటర్ల 11/0 పూసలు 13 కన్నాల కాన్వాస్‌కు సరిపోతాయి గానీ ఇక్కడ పెడితే ఒకదాన్నొకటి తోసుకుని పైకి లేస్తాయి, కాన్వాస్ ఉబ్బుతుంది. మగ్గం వర్క్‌కి లూజుగా అమ్మే చిన్న గాజు పూసలు, షుగర్ బీడ్స్, జాకెట్టు మీద అందంగానే ఉంటాయి. కాన్వాస్ మీద మాత్రం ఒక్కటి లావుగా ఉన్నా వరుసంతా వంకర. తెల్లని పళ్లెంలో పోసి లావువీ, అంచు విరిగినవీ ముందే ఏరెయ్యాలి.

దారం సన్నని నైలాన్, సూది 12 నంబరు. పద్దెనిమిది అంగుళాల కంటే పొడుగు తీస్తే పూస కన్నంలో రాసుకుని పీచులేస్తుంది. ముడి వెయ్యకుండా, అంతకుముందు కుట్టిన భాగం వెనక రెండు చిన్న కుట్లు వేసి మొదలుపెట్టడం మేలు. ఎడమ కింది కన్నంలోంచి సూది పైకి, ఒక పూస, కుడి పై కన్నంలోకి కిందికి. మళ్లీ అదే దారిన రెండోసారి అదే పూసలోంచి. ఒక్కసారితో సరిపెడితే పూస దారం మీద అటూ ఇటూ తిరుగుతుంది. రెండోసారి పోయాక కదలదు. పది పూసలకోసారి వెనక ఒక బిగింపు కుట్టు వేస్తే, దారం ఎక్కడైనా తెగినా ఆ పది వరకే పోతాయి. మగ్గం మీద కొక్కెం ఉన్న ఆరీ సూదితో వేసే గొలుసు కుట్టులో ఈ ధీమా ఉండదు, కొస ఊడిందంటే వరుసంతా జారుతుంది.

రెండోసారి సూది దూరకపోతే బలవంతం చెయ్యకూడదు. గాజు పగులుతుంది, ఆ పదునుకి దారం కూడా తెగుతుంది. ఆ పూస తీసేసి వేరేది వేసుకోవడమే.

అసలు విషయం దారం రంగులో ఉంది. పూసలు పారదర్శకం కాబట్టి అడుగున ఉన్నదంతా పైకి కనిపిస్తుంది. ఎర్ర దారంతో కుట్టిన మొదటి వరుస చిక్కటి మెరూన్‌లా వచ్చింది, గింజల్లా కాక తొక్క ముక్కల్లా అనిపించింది. పక్క వరుస తెల్ల దారంతో వేస్తే ప్రతి పూస మధ్యలో సన్నటి తెల్ల గీత. నిజం దానిమ్మ గింజలో విత్తనం కనిపించేది అచ్చం అలాగే. మొదటి వరుస విప్పక తప్పలేదు. పొరలు గింజల్ని విడదీసే చోట మటుకు పూసలు లేకుండా, లేత పసుపు దారంతో టెంట్ కుట్టు. అక్కడా పూసలు నింపితే పండు ఎర్ర ముద్దలా ఉంటుంది.

సాయంత్రానికి మూడో వంతు అయింది. ఒకవైపు గింజలు కాన్వాస్ అంచు దాకా గీసి ఉన్నాయి. అక్కడ చివరి రెండు వరుసలకు పూసలు వద్దు, ఎర్ర దారం కుట్టే ఉండాలి. వెనక గుడ్డ వేసి కుట్టేటప్పుడు మెషిన్ సూది పోయేది అక్కడే.